ఏ బావి నీళ్లు?

14 జూలై 1962, శనివారం

లిస్టులో నా పేరు లేదు.

నాన్న గుంటూరు మెడికల్ కాలేజీకి వెళ్లి నోటీసు బోర్డు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివి వచ్చారు. నాలాగే దయామణి అనే పేరు ఒకటుందట, ఇంటిపేరు వేరట. ఎవరివో గానీ తల్లీ, చల్లగా ఉండు.

ఇంటర్వ్యూ సంగతి ఆ రోజు రాయబుద్ధి కాలేదు. డాక్టరువి ఎందుకవుదామనుకుంటున్నావని అడిగారు. సేవ చెయ్యాలని అన్నాను. లావుపాటి కళ్లద్దాలాయన ఒకడు ఆవలించి, పొద్దున్నుంచీ వచ్చినవాళ్లంతా సేవే చేస్తామంటున్నారమ్మా, మార్కులూ అందరికీ ఉన్నాయి, ఇప్పటిదాకా నువ్వు చేసిన పని ఏదన్నా ఉంటే చెప్పు అన్నాడు. బి.ఎస్సీ. చదివానండీ అన్నాను. కాగితం తిప్పేశాడు.

వచ్చే ఏడు ఇంకొక్కసారి. అదీ పోతే బి.ఎడ్. చదివి పిల్లలకి కప్పని కోసి చూపించడమే. ఈ మాట నాన్న అనలేదు. అమ్మ అంది.

15 జూలై, ఆదివారం

గుడి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నామో లేదో యుద్ధం మొదలు.

నాన్న మిషన్ స్కూల్లో సైన్సు మాస్టరు. యేసుపాదం మామయ్య పేటలో మిషన్ ఆసుపత్రి కాంపౌండరు. వీళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడగా నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గుంటూరు నుంచి డాక్టర్ పరబ్రహ్మం గారని ఒక ప్రొఫెసరు పల్నాడంతా తిరిగి గారపళ్ల మీద రీసెర్చి చేస్తున్నారని, బి.ఎస్సీ. వాళ్లని అసిస్టెంట్లుగా తీసుకుంటున్నారని నాన్న చెప్పారు. ఆయన వేసే రీసెర్చి పేపర్లో నా పేరు పడితే ఇంటర్వ్యూ బోర్డువాళ్లు కుర్చీల్లోంచి లేచి నిలబడతారట. మామయ్య పడీ పడీ నవ్వాడు. ఏంది బావా, ఊళ్లెంట పళ్లు లెక్కబెట్టుకుంటా తిరిగితే డాక్టరైపోద్దా, రోగి పక్కన కూకుంటే గదా రోగం తెలిసేది, మా వార్డులో ఒక ఏడు చెయ్యమను, అన్నాడు. వార్డులో చేసేది ఆయా పని అన్నారు నాన్న. మామయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అమ్మ గరిటె పట్టుకుని, కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా, చేసేది అది, దాన్నడగండి అంది.

ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను, రెండూ చేస్తానని. సోమ, మంగళ, బుధ వార్డు. గురు, శుక్ర, శని సర్వే. రెండు పడవల మీద కాళ్లు పెట్టిందని మామయ్య, ఏదీ చేతికి రాదని నాన్న. మొత్తానికి ఒక మాట మీద నిలబడ్డారు.

6 ఆగస్టు, సోమవారం

బెడ్‌పాన్లు. రోజంతా బెడ్‌పాన్లు. సేవ.

9 ఆగస్టు, గురువారం

మొదటిసారి బండ్లపాడు వెళ్లాను. పిడుగురాళ్ల దాటి సున్నపు బట్టీల పొగలోంచి జీపు పోతుంటే జుట్టంతా తెల్లబడింది. ప్రొఫెసరు గారు పెద్దమనిషే. నస్యం పీల్చి, తుమ్మి, పాఠం చెప్తారు. నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువుంటే చిన్నతనంలో, పళ్లు తయారయ్యే వయసులోనే వాటి మీద గోధుమరంగు గార పడుతుంది. పెద్దయ్యాక ఎన్ని నీళ్లు తాగినా పళ్లకి పట్టదు. పట్టిన గార చచ్చేదాకా పోదు. ఇదీ పాఠం.

పని తేలిక. బళ్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి చెక్కపుల్లతో పెదవి ఎత్తి చూడాలి. తర్వాత ఇంటింటికీ వెళ్లి ఏ బావి నీళ్లు తాగుతారో అడిగి రాసుకోవాలి. ఊరి మునసబు మాకు తోడుగా తలారి పెదకోటయ్యని పంపాడు. సర్కారు మనుషులు ఎవరొచ్చినా తలారి కర్ర పట్టుకుని ముందు నడవాలట, మర్యాద. మాలపల్లెలో ప్రతి గుమ్మం దగ్గరా అతనే కేకేశాడు. ఏమే, పళ్ల డాక్టర్లొచ్చారు, ఏ బావి నీళ్లు తాగుతారో చెప్పండి అని. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా పల్లెబావేనయ్యా అన్నారు. అందరూ అదే. ఒక్కచోట కూడా రెండో మాట లేదు. చకచకా రాసుకున్నాను.

ఊరివాళ్లు తాగేది కాంతమ్మ అనే ఆవిడ తోటలోని బావి నీళ్లు. ఆవిడ మునసబుకి వదిన, భర్త పోయాక తోటలోనే ఉంటోంది. శాంపిల్ కోసం సీసా పట్టుకుని గట్టెక్కాను. ఎవురమ్మాయివి అని అడిగింది. క్రైస్తవులమండీ అన్నాను. అయితే గట్టు దిగి నిలబడు తల్లీ, నీళ్లు మా వాళ్లు పోస్తారు, ఈ గట్టు మీదికి పల్లెవాళ్లని రానీం, కావాలంటే అది గూడా రాసుకో అంది. గట్టిగా, తలారికి వినపడేట్టు. తలారి మునసబంత గంభీరంగా తలూపాడు.

మా తాత ఈపూరు మాలపల్లె నుంచి పేట మిషన్ కాంపౌండులోకి వచ్చాడు. నేను కాంపౌండు బావిలో నా చేత్తో చేద వేసి పెరిగినదాన్ని. ఒకరు పోస్తే దోసిలి పట్టిన రోజు నా బతుకులో లేదు. ఇవాళ పట్టాను, దోసిలి కాదు, సీసా. ఒళ్లు మండిపోయింది. ముసలి ముండ, నీ బావిలో పురుగులు పడ. ప్రభువా, క్షమించు. రేపు క్షమించు, ఇవాళ వద్దు.

22 సెప్టెంబర్, శనివారం

శాంపిళ్ల రిజల్టులు వచ్చాయి. పల్లెబావిలో ఫ్లోరిన్ విపరీతం. తోటబావి నీళ్లు అమృతం. మరి పల్లె పిల్లల పళ్లు చూస్తే ఊరి పిల్లల పళ్లలాగే మల్లెమొగ్గలు. గార లేదు.

ప్రొఫెసరు గారు నస్యం మర్చిపోయి గంతులేసినంత పని చేశారు. పల్లెవాళ్లు మాంసం తింటారు, బొమికల పులుసు తాగుతారు, ఆ కాల్షియమే ఫ్లోరిన్‌ని అడ్డుకుంటోంది, ఇదే మన పేపరు అన్నారు. మన అన్నారు. వింటున్నావా డైరీ, మన.

నాన్నకి చెప్తే గోడకున్న ఏసుప్రభువు పటానికి దణ్ణం పెట్టారు. ఆయన ఎప్పుడూ దణ్ణం పెట్టరు, ప్రార్థన చేస్తారు. కంగారులో పెట్టేశారు.

10 అక్టోబర్, బుధవారం

వార్డులో నిలబడి నిద్రపోయాను. కరుణమ్మ సిస్టరు వీపు మీద చరిచింది.

17 నవంబర్, శనివారం

ప్రొఫెసరు గారు తేల్చేశారు. జనవరి నుంచి ఆరు రోజులూ సర్వేలోనే ఉంటే పేపర్లో నా పేరు. సగం సగం అయితే లేదు. రీసెర్చి అంటే పార్ట్‌టైమ్ పూజ కాదన్నారు. పేపరు ఏప్రిల్‌కి పూర్తవుతుంది, ఇంటర్వ్యూ జూలైలో. ఆయన చెప్పేదీ నిజమే. వార్డులో నేను చేసినదానికి బోర్డు ముందు చూపించడానికి ఏముంది? దుప్పట్లు మడిచానని చెప్పనా?

మామయ్యకి చెప్తే, పోవే పో, పళ్లే పట్టుకు యేలాడు అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి మనిషికి. నాకెందుకో అలసటే తప్ప ఏమీ అనిపించలేదు. డిసెంబర్ దాకా వార్డులో చేసి మానేస్తానని సిస్టరుకి చెప్పాను. సరేలేమ్మా అంది. ఆవిడ ఎంతమందిని చూసి ఉంటుందో.

11 డిసెంబర్, మంగళవారం

బండ్లపాడు మాలపల్లె నుంచి టైఫాయిడ్ పిల్ల వచ్చింది. ఏడెనిమిదేళ్లుంటాయి, చిట్టి అంటున్నారు. తల్లి రూతమ్మ. సున్నపురాయి క్వారీలో పని. డాక్టరమ్మ చూసి క్లోరోమైసిటిన్ రాసి, ఏ నీళ్లు తాగుతారో హిస్టరీలో రాయమని నాకు చెప్పింది.

అడిగాను. రూతమ్మ నన్ను గుర్తుపట్టింది. నువ్వు పళ్లు చూసే అమ్మవు గదా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పల్లెబావేనమ్మా అంది. రాశాను.

18 డిసెంబర్, మంగళవారం

జ్వరం దిగలేదు. తడిగుడ్డలు మారుస్తూనే ఉన్నాం, తల్లి ఒక పక్క, నేను ఒక పక్క. పిల్ల కలవరింతల్లో ఎవరినో కాంతమ్మవ్వా, కాంతమ్మవ్వా అని పిలుస్తోంది. పల్లె పిల్లకి ఆ రాక్షసి అవ్వ ఎట్లా అయిందో నాకర్థం కాలేదు.

26 డిసెంబర్, బుధవారం. సాయంత్రం

పొద్దున చిట్టి కళ్లు తెరిచి పులుసన్నం కావాలంది. జ్వరం విడిచింది. క్రిస్మస్ నిన్న కాదు, ఇవాళ.

రూతమ్మ నవ్వింది. కొంగు సంగతి మర్చిపోయి నోరంతా తెరిచి నవ్వింది. ఆ పళ్లు చూసి నా చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. గోధుమరంగు గార, అడ్డంగా చారలు చారలు. పక్కనే పిల్ల పళ్లు మల్లెమొగ్గలు. ఇద్దరూ పుట్టింది ఒకటే పల్లెలో. నేను చెక్కపుల్లతో చూసింది పిల్లల్నే. తల్లుల నోటికి ఎప్పుడూ కొంగు అడ్డం ఉండేది. సిగ్గనుకున్నాను.

అడిగాను. ఏందే రూతమ్మా, నీ పళ్లట్టా, నీ బిడ్డ పళ్లిట్టా ఎట్టా అయినయి అని. ఆ సంతోషంలో ఉండి గబుక్కున అనేసింది. నేను పెరిగింది ఆ పాడు పల్లెబావి నీళ్ల మీద గదమ్మా, ఇప్పుడా నీళ్లెవురు తాగుతారు, మా గేదెలు గూడా మూతి తిప్పుకుంటయి అంది. అని నాలుక కరుచుకుంది.

ఆ తర్వాత ఒక్కొక్క ముక్కా బయటికొచ్చింది. కాంతమ్మ తోటలో కాపురం పెట్టినప్పటి నుంచీ, అంటే రూతమ్మ పెళ్లప్పటి నుంచీ, ఊరు లేవకముందే పల్లె ఆడవాళ్లని గట్టెక్కనిచ్చి తోడుకోనిస్తోంది. ఊరికి తెలియదు. మునసబుకి అసలు తెలియదు. తెలిస్తే మైలపడిందని బావికి సంప్రోక్షణ చేయిస్తారు, ముసలమ్మని వెలేస్తారు, పల్లె మళ్లీ ఆ చేదు నీళ్లే తాగాలి. ఎప్పుడో రూతమ్మ అత్త కాలంలో ఒకసారి అట్లాగే జరిగిందట, ఆ ఏడు కొట్లాటలో తలలు పగిలాయట. అందుకే ఎవరడిగినా పల్లెబావే అనాలని పల్లెంతా కట్టు. ఇంక తలారి కర్రేసుకుని ముందు నిలబడి అడిగిస్తే ఎవరు చెప్తారమ్మా, అంది.

నిజమే. ఎవరు చెప్తారు? నాకెందుకు తట్టలేదు? మా తాతకైతే తట్టేది. నాకు బి.ఎస్సీ. ఉంది, కాంపౌండు బావి ఉంది, తలారి నాకు మర్యాదగా కనిపించాడు.

రూతమ్మ నా చెయ్యి తీసుకుని చిట్టి తల మీద పెట్టించింది. ఎవురికీ చెప్పబాక తల్లీ, నీ కాళ్లకి మొక్కుతా, ఒట్టెయ్యి అంది. పిల్ల తల ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. ఒట్టేశాను.

ఆ కాంతమ్మని నేనేమేం తిట్టానో ఆగస్టులో రాసింది చదువుకున్నాను. అది తలారి కోసం ఆడిన నాటకమా తల్లీ! తెలిసినా గట్టు దిగమన్న మాట ఇప్పటికీ మండుతూనే ఉంది, ఏం చెయ్యను.

27 డిసెంబర్

బొమికల పులుసూ లేదు, కాల్షియమూ లేదు. మన పేపరంతా అబద్ధం.

6 జనవరి 1963, ఆదివారం

వారమంతా ఇదే. చెప్తే పల్లెకి నీళ్లు పోతాయి. చెప్పకపోతే పల్లెబావి నీళ్లు తాగినా ఏం కాదని అచ్చులో పడుతుంది. అచ్చులో పడ్డాక పల్లెకి కొత్త బావి కావాలని ఏ సమితి ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లినా, మీకేం తక్కువ, మీ పళ్లు ముత్యాల్లా ఉన్నాయని పెద్ద డాక్టరే రాశాడు గదా అంటారు. కాంతమ్మకి ఏళ్లు మీద పడ్డాయి. ఆవిడ కళ్లు మూస్తే తోట మునసబుది. అప్పుడు చిట్టి పిల్లలు ఏ నీళ్లు తాగుతారు?

ఆ పేపర్లో నా పేరుంటేనే నాకు సీటు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అని అమ్మ ఊరికే అంటూ ఉంటుంది. అమ్మకి చెప్పలేను, నాన్నకి చెప్పలేను. ఒట్టు. అన్నం తినబుద్ధి కావడం లేదంటే పెళ్లి చెయ్యమంటోందని మామయ్య వేళాకోళం.

16 జనవరి, బుధవారం

వార్డు మానలేదు. ఎందుకని సిస్టరు అడగలేదు, బెడ్‌పాన్ చేతిలో పెట్టింది. ప్రొఫెసరు గారు నెలాఖరు దాకా చూస్తానన్నారు.

16 ఫిబ్రవరి, శనివారం

ఆయన గడువిచ్చిన నెల దాటింది. చచ్చీ చెడీ ఇవాళ నోరు విప్పాను. పల్లె పిల్లల్ని చూశాం గానీ వాళ్ల తల్లుల పళ్లు చూడలేదండీ, ఒకసారి చూద్దామండీ అన్నాను. ఎందుకన్నారు. ఆసుపత్రిలో ఒకావిడ పళ్లు చూశానన్నాను. అంతవరకు నిజమే. ఆయన గురువారానికి జీపు సిద్ధం చెయ్యమన్నారు. ఆ ఒక్కందుకు ఆయనకి జన్మంతా దణ్ణం పెట్టొచ్చు. వేరేవాళ్లయితే కసిరేవాళ్లు.

21 ఫిబ్రవరి, గురువారం

బండ్లపాడు. తలారి కర్ర, పల్లె, ఎండ.

తల్లుల్ని వరసగా నిలబెట్టాం. కొంగు తియ్యమంటే ఒక్కరూ తియ్యరు. రూతమ్మే ముందుకొచ్చి తీసింది. నా వైపు చూడలేదు. ఆమె వెనక అందరూ తీశారు. ఒక ముసలామె పెదవి నేను ఎత్తుతుంటే ఏడ్చింది, మా ఆయనకి గూడా పోయిందాకా ఇట్టా తెరిచి చూపీలేదమ్మా అని. నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది. ఆ పల్లెలో పుట్టి పెరిగినవాళ్లందరికీ గారే.

ప్రొఫెసరు గారు రుమాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నారు. బొమికల పులుసు ఈ తల్లులూ చిన్నప్పుడు తాగి ఉంటారు గదా అని ఆయనే మెల్లిగా అన్నారు.

దాహమైంది. పొరపాటున పైకి అన్నాను. తలారి పెదకోటయ్య అక్కడే కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. రూతమ్మ ఇంట్లోకి వెళ్లి కుండ దాకా పోయి ఆగింది. ఆ కుండలో ఏ నీళ్లో నాకు తెలుసు. ఆమె చెంబు తీసుకుని బయటికొచ్చి, పల్లెబావికి పోయి చేదుకొచ్చింది. నా చేతికిచ్చింది. చేదు, ఉప్పు, సున్నం. చెంబెడూ తాగాను. బాగున్నాయమ్మా అన్నాను, రోజూ తాగేదాన్నన్నట్టు. తలారి అటు తిరిగి బీడీ ముట్టించాడు.

తోట పక్కగా వస్తుంటే కాంతమ్మ దడి దగ్గర నిలబడి ఉంది. ప్రొఫెసరు గారు ముందు వెళ్లిపోయారు. నేను దూరంగానే ఆగాను, గట్టు జోలికి పోలేదు. ఆవిడ చింతకాయలు ఏరుతున్నట్టు వంగి, జరం పిల్ల అన్నం తింటందా అని అడిగింది. తింటోందండీ అన్నాను. ఊ, పో, ఎండలో నిలబడబాక అంది.

23 మార్చి, శనివారం

ప్రొఫెసరు గారి గదిలో. తల్లులకి గార ఉంది, పిల్లలకి లేదు, మధ్యలో ఏదో మారింది, నీకు తెలుసు అన్నారాయన. ప్రశ్న కాదు అది. తెలుసునండీ, చెప్పలేనండీ అన్నాను. మునసబుని పిలిచి విచారిస్తానన్నారు. వద్దండీ, ఒక్క మునసబుని మాత్రం అడగొద్దండీ అని కాళ్లావేళ్లా పడ్డాను. అంతటితో ఆయనకి చాలావరకు అర్థమైందనుకుంటాను. నస్యం డబ్బీ మూత తీసి, మూసి, తీసి, మూశారు.

కారణం దాచిన మనిషి పేరు పేపరు మీద వెయ్యలేనమ్మా, అది నీ మీద కోపం కాదు, పద్ధతి అన్నారు. అవునండీ అన్నాను. పేపరు మారుస్తారట. పల్లెబావి నీళ్లు ప్రమాదం, తల్లుల పళ్లే సాక్ష్యం, కొత్త మంచినీటి వసతి కావాలి అని రాస్తారట. పిల్లల సంగతి కారణం తెలియరాలేదని రాస్తారట. నాకు మాత్రం సర్వేలో పనిచేసిందని ఒక ముక్క సర్టిఫికెట్.

బస్సులో కూర్చుంటే ఏడుపు వస్తుందనుకున్నాను. నిద్రొచ్చింది. కండక్టరు పేటలో లేపాడు.

24 మార్చి

పేపర్లో పేరు పడదంటే నాన్న సర్టిఫికెట్ మడత పెట్టి పెట్టెలో దాచారు. తిట్టనందుకు ఇంకా కష్టంగా ఉంది.

12 జూన్, బుధవారం

అప్లికేషన్. సర్వే సర్టిఫికెట్ పైన పెట్టాలా, ఆసుపత్రిది పైన పెట్టాలా అని మళ్లీ యుద్ధం. పేరు లేకపోయినా రీసెర్చి రీసెర్చే అని నాన్న. పది నెల్లు రోగుల్ని కడిగిన చేతులు ఇయ్యి అని మామయ్య నా చేతులు పట్టుకుని అందరికీ చూపించాడు. అమ్మ రెంటినీ లాక్కుని, ఏది పైనుంటే ఏందయ్యా, వాళ్లు రెండూ చదవరా అంది. అమ్మ ఏది పైన పెట్టిందో నేను చూడలేదు.

9 జూలై, మంగళవారం. గుంటూరు

అదే గది. అదే కళ్లద్దాలాయన. ఈసారి పక్కన సన్నటాయన ఒకడు.

సేవ మాట ఎత్తలేదు నేను. సర్వే గురించి సన్నటాయన అడిగాడు. చెప్పాను. తల్లులకి గార, పిల్లలకి లేదు అనగానే ముందుకు వంగాడు. బాగుందే, కారణం ఏమిటన్నాడు.

తెలియదండీ అంటే అయిపోయేది. ప్రొఫెసరు గారి పేపరు కూడా అదే చెప్తోంది. నోరు తిరగలేదు. చెప్పలేనండీ అన్నాను.

తెలియదా, చెప్పలేవా? చెప్పలేనండీ. ఎందుకు? ఆసుపత్రిలో ఒక పేషెంటు తల్లి నాకు చెప్పిందండీ, బయటపెడితే ఊరివాళ్లు వాళ్లని బతకనివ్వరండీ. రీసెర్చిలో తెలిసింది దాచొచ్చా అన్నాడు. తప్పేనండీ అన్నాను. మరి? నేను అడిగింది సర్వే కోసం కాదండీ, పిల్ల జ్వరం తగ్గిందని నవ్వుకుంటూ అడిగానండీ, అందుకే చెప్పిందండీ. మంచినీళ్లు తాగమన్నారు. తాగలేదు.

సన్నటాయన, అయితే నీ రీసెర్చి సగమే అన్నమాట అన్నాడు. అవునండీ అన్నాను. కళ్లద్దాలాయన ఒక్కసారి కూడా ఆవలించలేదు. వెళ్లిరా అమ్మా అన్నాడు.

నాన్న బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. ఎట్లా జరిగిందని అడిగారు. ప్రశ్నకి జవాబు చెప్పలేదు నాన్నా అన్నాను. రాకనా అన్నారు. వచ్చు అన్నాను. ఆయన నా చేతిలో సంచీ తీసుకుని బస్టాండు వైపు నడిచారు. దారిలో అరటిపళ్లు కొనిచ్చారు.

27 జూలై, శనివారం

లిస్టులో లేదు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. దయామణి, ఇంటిపేరు మాదే.

29 జూలై

బి.ఎడ్. అప్లికేషన్ తెప్పించాను. మామయ్య మాట్లాడటం మానేశాడు. సిస్టరు టేబుల్ మీద బెడ్‌పాన్ చూపించింది.

20 ఆగస్టు, మంగళవారం

టెలిగ్రాం. ఎవరో అబ్బాయి విశాఖపట్నంలో చేరి ఇక్కడ సీటు వదులుకున్నాడట. సోమవారంలోగా రావాలి.

నాన్న వీధిలోకి వెళ్లి ఎవరికి చెప్పాలో తెలియక తిరిగొచ్చారు. చూశావా బావా, వార్డే ఇప్పించింది అని మామయ్య. సర్వే గురించే గదా అడిగింది, అని నాన్న. అమ్మ చిన్నగా ఏడుస్తూ దుప్పటి ఉతుకుతోంది, హాస్టలుకట. నేను మంచం మీద అట్లాగే పడుకున్నాను. సంతోషంగానే ఉంది. లేవడానికే ఓపిక లేదు.

25 ఆగస్టు, ఆదివారం

గుడి దగ్గర రూతమ్మ పంపిన మనిషి ఒకడు కనపడి కబురు చెప్పాడు. పల్లెకి కొత్త బావి సమితిలో మంజూరయ్యేట్టుందట, ఎప్పుడో తెలియదట. కాంతమ్మ పడి మంచాన ఉందట. బావి గట్టు మీద ఇప్పుడెవరుంటున్నారని అడిగాను. తలారిని కాపలా పెట్టాడంట మునసబు అన్నాడు. మరి పల్లెవాళ్లు? అతను నవ్వాడు. ఆ తలారి పొద్దెక్కందే నిద్ర లేవడంటమ్మా, ముందునుంచీ అంతేనంట అన్నాడు.

12 సెప్టెంబర్ 1963, గురువారం

డిసెక్షన్ హాలు. మా టేబుల్ మీద ఆడమనిషి. అయినవాళ్లెవరూ రాలేదట, ఏ ఊరో తెలియదట. మా బ్యాచ్‌లో ఇద్దరు బయటికి పరిగెత్తారు. నేను నోటి వైపు చూశాను. గోధుమరంగు గార, అడ్డంగా చారలు.

ఏ బావి నీళ్లమ్మా, అన్నాను. పైకే అన్నాను. పక్కమ్మాయి అదోలా చూసింది.

చేతిలో గుడ్డ ఉంటే ఆమె నోటికి అడ్డం వేశాను.